వదిలిన బంతుల లెక్క

పిల్లలు అమెరికాలో స్థిరపడిన మన సహోద్యోగులు అక్కడ నాలుగైదు నెలలు గడిపి తిరిగి వచ్చినప్పుడు బేస్‌బాల్ గురించి చేసే ఫిర్యాదు ఒకటున్నది. బ్యాటు పట్టుకొని నిలిచినవాడు సగం బంతులను ఊరకే చూస్తూ వదిలివేస్తాడట! క్రికెట్టుకు అలవాటుపడిన కళ్ళకు ఇది విసుగు పుట్టించడం సహజమే. అయితే ఆ వదిలివేయడంలోనే ఈ క్రీడ యొక్క అసలైన విద్య ఉన్నదని మేము భావిస్తున్నాము. పందొమ్మిదవ ఏటనే ఆ విద్యలో ఆరితేరిన డొమినికన్ యువకుడు హువాన్ సోటో తొలినాళ్ళ ప్రస్థానాన్ని మన పాఠకుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. పిచ్చర్ బంతి విసిరే స్థానానికి, బ్యాటర్ ముందున్న పలకకు మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని సుమారు 0.4 సెకనులో దాటుతుంది. బ్యాటు తిప్పడానికే దాదాపు 0.15 సెకను పడుతుంది కనుక, కొట్టాలా వదలాలా అని నిశ్చయించుకోవడానికి మిగిలేది పావు సెకను మాత్రమే. పలక వెడల్పు 17 అంగుళాలు. దానిపైగా, మోకాళ్ళకు ఛాతీ నడిమికి మధ్య వచ్చే బంతిని కొట్టకుండా వదిలితే అది స్ట్రైకు. మూడు స్ట్రైకులైతే అవుట్. ఆ పరిధికి వెలుపల పోయే బంతులు నాలుగింటిని వదలగలిగితే మొదటి బేస్‌కు ఉచితంగా నడిచి వెళ్ళవచ్చు. దీనినే ‘వాక్’ అంటారు. మన తనిఖీ విభాగంలో గో, నో-గో గేజితో పనిచేసినవారికి ఈ తీర్పు స్వభావం వెంటనే బోధపడుతుంది. కాకపోతే ఇక్కడ గేజి ఆటగాడి కన్నే.

ఇక డొమినికన్ రిపబ్లిక్ సంగతి. కరీబియన్ సముద్రంలో హైతీతో కలిసి ఒకే దీవిని పంచుకున్న ఈ దేశం విస్తీర్ణంలో మన తెలంగాణలో సగం కూడా లేదు. జనాభా కోటికి కొంచెం ఎక్కువ. పంతొమ్మిదవ శతాబ్దంలో క్యూబా యుద్ధాల నుండి తప్పించుకొని వచ్చినవారు ఈ ఆటను అక్కడికి తెచ్చారు. చక్కెర మిల్లుల కార్మికుల మధ్య అది వేళ్ళూనుకొన్నది. బంతి కొనలేని పిల్లలు నీళ్ళ డబ్బా మూతను విసురుకుంటూ, చీపురు కర్రతో కొడుతూ ఆడే ‘వితియ్యా’ అనే వీధి ఆట అక్కడ ఉన్నది. బిళ్ళంగోడు ఆడి పెరిగిన మన తరానికి దానిని వివరించనక్కరలేదు. నేడు అమెరికా ప్రధాన లీగులలో ఆడేవారిలో సుమారు పదింట ఒకరు ఈ చిన్న దేశంలో పుట్టినవారే. మొత్తం ముప్పై జట్లకూ అక్కడ శిక్షణ కేంద్రాలున్నాయి.

దీనికి మరొక ముఖమూ ఉన్నది. ఒప్పందం కుదుర్చుకొనే వయస్సు పదహారు. అందుకోసం పన్నెండు, పదమూడేళ్ళకే బడి మాని దళారీ శిక్షకుల వద్ద చేరే బాలురు ఎందరో. ఒప్పందం కుదిరితే ఆ సొమ్ములో గణనీయమైన వాటా శిక్షకునికి పోతుంది. కుదిరిన వారిలోనూ అత్యధికులు అమెరికా ప్రధాన మైదానంలో ఒక్కసారైనా అడుగు పెట్టకుండానే ఇంటిముఖం పడతారు. అప్పటికి చేతిలో చదువూ ఉండదు, ఆటా ఉండదు. ఇంటర్మీడియట్ పిల్లలను రెండేళ్ళు శిక్షణాలయాలలో నిర్బంధించే మనకు ఈ వ్యవస్థను తప్పుపట్టే అర్హత ఎంతమాత్రమున్నదో మేము చెప్పలేము.

అక్కడి ఆటగాళ్ళలో ఒక నానుడి ప్రచారంలో ఉన్నది: ‘వాక్’లతో ఎవ్వరూ దీవి దాటలేరు అని. పరిశీలకులు చూడవచ్చేది బలంగా బ్యాటు తిప్పేవాడిని. చేతులు కట్టుకొని బంతి వదిలేవాడిని ఎవరూ గుర్తు పెట్టుకోరు. కాబట్టి అందినదీ అందనిదీ బాదడం అక్కడి బాలురకు జీవన్మరణ సమస్య. సోటో ఈ నానుడికి ఎదురీదినవాడు.

1998 అక్టోబరు 25న సాంటో డొమింగో నగరంలో జన్మించిన సోటోతో 2015 జూలైలో వాషింగ్టన్ నేషనల్స్ జట్టు 15 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకొన్నది. నాటి మారకపు విలువలో అది తొమ్మిది కోట్ల రూపాయలకు పైమాటే. 2016లో ఫ్లోరిడాలోని ఆరంభ స్థాయి లీగులో .361 సగటుతో ఆడి, ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆ మరుసటి సంవత్సరం అంతా గాయాలే. 2017 మే నెలలో చీలమండ ఎముక విరిగింది. అది మానే లోపున చేతి ఎముకకు శస్త్రచికిత్స అవసరమైంది. ఆ ఏడు అతడు ఆడినవి 32 ఆటలు మాత్రమే. పద్దెనిమిదేళ్ళ వయస్సులో, పరభాషా దేశంలో, ఏడాది పొడవునా ఊరకే కూర్చోవడం ఎంతటి పరీక్షో ఊహించవచ్చు. ఆంగ్ల భాషను మాత్రం అతడు నిర్లక్ష్యం చేయలేదు. ప్రధాన జట్టులోకి వచ్చిన తొలి వేసవిలోనే దుబాసీ లేకుండా పత్రికలవారితో ఆంగ్లంలో మాట్లాడగలిగాడు.

2018లో జరిగినది మా వంటి క్రమానుగత పదోన్నతుల వారికి నమ్మశక్యం కాదు. దిగువ లీగులలో మూడు అంచెలను 39 ఆటలలో దాటివేశాడు. అందులో 14 హోమ్ రన్లు. మే 19న నేషనల్స్ ఆటగాడు హోవీ కెండ్రిక్ మడమ నరం తెగడంతో ఖాళీ ఏర్పడింది. మరునాడే సోటోకు పిలుపు వచ్చింది. ఆ రోజు ఆడిన ఒకే ఒక్క అవకాశంలో మూడు స్ట్రైకులకు అవుటయ్యాడు. మే 21న సాన్ డియాగో జట్టుపై తనకు వచ్చిన మొదటి బంతినే మైదానం వెలుపలికి పంపాడు. అప్పటికి అతడి వయస్సు 19 ఏళ్ళు.

ఇక్కడ మా సిబ్బంది విభాగంవారు ఆనందించదగిన విశేషమొకటున్నది. మే 15న న్యూయార్క్ యాంకీస్‌తో ఆట వర్షం వల్ల మధ్యలో నిలిచిపోయింది. దానిని జూన్ 18న కొనసాగించినప్పుడు సోటో రెండు పరుగుల హోమ్ రన్ కొట్టి గెలిపించాడు. నిబంధన ప్రకారం ఆ ఆట అంకెలన్నీ మే 15 తేదీ కిందనే నమోదయ్యాయి. అంటే, దిగువ లీగు జట్టులో ఉన్న రోజున, ఉద్యోగంలో చేరడానికి ఐదు రోజుల ముందే, ఇతడు ప్రధాన లీగులో హోమ్ రన్ కొట్టినట్లు రికార్డు చెబుతున్నది! సర్వీసు రిజిస్టరులో ఇటువంటి పద్దు కనబడితే ఆడిటువారు ఊరుకుంటారా?

ఆ సంవత్సరం అతడు 22 హోమ్ రన్లు సాధించాడు. ఇరవై ఏళ్ళు నిండని ఆటగాళ్ళలో 1964లో టోనీ కోనిగ్లియారో కొట్టిన 24 మాత్రమే అంతకంటె ఎక్కువ. 2012లో బ్రైస్ హార్పర్ కొట్టినవి కూడా 22. అందరూ ఈ సంఖ్యనే చెప్పుకుంటారు. మా దృష్టి మరొక అంకెపై నిలిచింది: 79 వాక్‌లు. ఆ వయస్సు వారిలో అన్ని కాలాలకూ అదే అత్యధికం. బ్యాటు పట్టిన నూరు సందర్భాలలో నలభైకి పైగా అతడు బేస్ చేరగలిగాడు. తప్పు సమాధానానికి మార్కులు కోసే ప్రవేశ పరీక్షలో తెలియని ప్రశ్నను నిబ్బరంగా వదిలి ముందుకు సాగే విద్యార్థులు ఎంత అరుదో తల్లిదండ్రులకు తెలియనిది కాదు.

వదిలేటప్పుడు సైతం అతడు మౌనంగా ఉండడు. కాళ్ళు ఈడ్చి, మోకాళ్ళు వంచి, పిచ్చర్ కళ్ళలోకి చూస్తాడు. దిగువ లీగుల నాటి నుండి ఉన్న ఈ చేష్టకు ‘సోటో షఫుల్’ అని పేరు వచ్చింది. ఎదుటివారికి అది ఒళ్ళుమంట. మాకూ మొదట పొగరుగానే తోచింది. కానీ తరువాతి బంతికి అతడు తనను తాను సర్దుకొనే తీరు అదేనని క్రమంగా అర్థమైంది.

2019లో నేషనల్స్ జట్టు మొదటి 50 ఆటలలో 31 ఓడి, కోలుకొని అక్టోబరు పోటీలకు చేరింది. అక్టోబరు 1న మిల్వాకీ జట్టుతో ఓడితే ఇంటికే. ఎనిమిదవ ఇన్నింగ్స్, 3-1తో వెనుకబడి ఉన్నారు, ఇద్దరు అవుటయ్యారు, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి. ఎదుట జాష్ హేడర్ వంటి వేగపు పిచ్చర్. సోటో కుడివైపు మైదానంలోకి కొట్టిన బంతిని అక్కడి ఫీల్డర్ జారవిడువగా ముగ్గురు ఇల్లు చేరారు. 4-3తో గెలుపు. మూడు వారాల తరువాత వరల్డ్ సిరీస్ తొలి ఆటలో హూస్టన్ మైదానపు గోడపైనున్న రైలు పట్టాల మీదికి హోమ్ రన్ కొట్టాడు. మూడవ ఆట జరిగిన రోజున అతడికి 21 ఏళ్ళు నిండాయి. అక్టోబరు 30న ఏడవ ఆట గెలిచి నేషనల్స్ విజేతలయ్యారు.

కుదించబడిన 2020 సీజనులో .351తో నేషనల్ లీగు బ్యాటింగ్ కిరీటం గెలుచుకొన్నవారిలో అతి పిన్నవయస్కుడయ్యాడు. 2022లో సాన్ డియాగోకు బదిలీ, 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్ళకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం పత్రికలలో అందరూ చదివినవే. వాషింగ్టన్‌లో అతడి చివరి పూర్తి సంవత్సరమైన 2021 లెక్క ఇది: మూడు స్ట్రైకులకు అవుటైనవి 93 సార్లు, నాలుగు బంతులు వదిలి నడిచినవి 145 సార్లు.