ఎల్.ఇ.డి. దీపమునకు చల్లదనము

ఎల్.ఇ.డి. దీపమునకిచ్చిన విద్యుచ్ఛక్తిలో సుమారు సగమో, అంతకు మించియో వేడిగా మారి, ఆవగింజంత స్ఫటికమునందే నిలుచును. ఆ వేడిని లాగి గాలికందించు లోహపు ముక్కనే హీట్ సింక్ అందురు. ఇంట దీపము చేసికొనువారు దీనిని ఎన్నుకొనుట ఎట్లు?

రాగి అల్యూమినియముకన్న ఒకటిన్నర రెట్లకు పైగా వేడిని వహించును, వెలయు హెచ్చే. కాని చిన్న దీపములలో వేడికి ముఖ్యమైన అడ్డు లోహము కాదు, లోహమునుండి గాలిలోనికి దాటుట. కావున లోహపు జాతికన్న ఉపరితల వైశాల్యము ముఖ్యము. కిటికీల పనిలో మిగిలిన అల్యూమినియము ముక్క చాలును. దాని రెక్కలు నిలువుగా నుండవలెను. అప్పుడే వేడిగాలి తేలికయై పైకి పోవును. రెక్కలకు పలుచగా నల్లరంగు పూసిన వికిరణము హెచ్చును. దీపము అంటుకొనుచోట మాత్రము రంగు కూడదు. అచట ఉష్ణవాహక లేపనము పలుచగా రాయవలెను.

3 వాట్ల దీపములో 2 వాట్లు వేడి యనుకొందము. వాటునకు 10 డిగ్రీలు వేడెక్కు ముక్క గదికన్న 20 డిగ్రీలు హెచ్చుగా నుండును. గది 25 డిగ్రీలున్న నాడు అది 45. తిరుపతి, చిత్తూరు వేసవిలో గది 42 అయినచో 62. స్ఫటికపు వేడి ఇంతకు మించియే యుండును. వేడి హెచ్చినకొలది వెలుగు తగ్గును, ఆయువు క్షీణించును.

కావున బ్యాటరీతో దీపమును గంటసేపు వెలిగించి, ముక్క గదికన్న ఎన్ని డిగ్రీలు వేడెక్కెనో థర్మామీటరుతో కొలిచి, దానికి 42 కలిపి చూడవలెను. డిసెంబరులో చేసిన దీపమైనను మే నెలకు తగియుండవలెను గదా!