మన మౌనం, టీవీ పాఠం

కడపలో ఒకనాడు ఇషా నమాజు తర్వాత పదిహేనేళ్ల విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. "హజ్రత్, టీవీలో పెళ్లికాని వాళ్లు ఒకరినొకరు అలా కౌగిలించుకుంటే అందరూ చప్పట్లు కొడుతున్నారు. మరి అది తప్పెలా అవుతుంది?" అని అడిగాడు. అలాంటివి చూడవద్దని గద్దించి పంపివేశాను. ఆపై ఆ బాలుడు నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

తెలుగులో 'బిగ్ బాస్' 2017లో మొదలయింది. పరాయి స్త్రీపురుషులు వారాల తరబడి ఒకే ఇంట్లో కెమెరాల మధ్య గడపడమే ఆ కార్యక్రమం. కర్నూలు, కడప పల్లెల్లో వేసవి రాత్రి మిద్దె మీద అందరూ నిద్రించాక కూడా ఒక ఫోను వెలుగుతూనే ఉంటుంది. టీవీ కట్టేసినంత మాత్రాన బాధ్యత తీరదు.

అలాంటి కార్యక్రమాన్ని పాఠం కోసం ఇంటికి తెమ్మని నేననను. చూపులను కాపాడుకోవడం దైవాజ్ఞ. అయితే పిల్లవాడు ఇప్పటికే చూసినదాని గురించి మాట్లాడకపోవడం తర్బియత్ కాదు.

ఒక యువకుడు వ్యభిచారానికి అనుమతి కోరినప్పుడు దైవప్రవక్త (సఅసం) అతన్ని గద్దించలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, నీ తల్లి విషయంలో, నీ సోదరి విషయంలో దీన్ని ఇష్టపడతావా అని అడిగారు. చివరకు అతని కోసం దుఆ చేశారు. ముస్నద్ అహ్మద్‌లోని ఈ హదీసు మనకు మార్గదర్శకం. మనమూ అడుగుదాం: ఆమె వద్దన్నాక అతను చేయి పట్టుకోవడం న్యాయమా? చప్పట్లు ఆగాక ఆమెకు మిగిలేదేమిటి?

ఈ సంభాషణ నుంచే శరీర విషయాలకు వెళ్లవచ్చు. మా ఫిఖహ్ గ్రంథాలు తహారత్ అధ్యాయంతోనే మొదలవుతాయి. హైజ్, స్వప్నస్ఖలనం, గుస్ల్ గురించి అక్కడ దాపరికం లేదు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఇలాంటి ప్రశ్ననే దైవప్రవక్త (సఅసం)ను నేరుగా అడిగారు. రుతుస్రావం రోగం కాదని తల్లి కూతురికి ముందే చెప్పాలి. స్వప్నస్ఖలనం పాపం కాదని, గుస్ల్ చేస్తే చాలునని తండ్రి కొడుకుకు చెప్పాలి. అక్రమ సంబంధాల ద్వారా హెచ్‌ఐవీ వంటి వ్యాధులు సోకుతాయనీ చెప్పాలి. ఎవరైనా చెడుగా తాకితే తప్పు బిడ్డది కాదు. పద్దెనిమిదేళ్లలోపు వారికి 2012 నాటి పోక్సో చట్టం రక్షణగా ఉంది. 1098కు ఫోను చేయవచ్చు.

కొన్ని వారాలకు ఆ బాలుణ్ణి పిలిచి, ఆనాడు తప్పు నాదేనన్నాను. చాలాసేపు తలవంచుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాడు. ఈసారి జవాబు చెప్పాను.