దీనారియస్ (రోమన్ వెండి నాణెం)

దీనారియస్ ప్రాచీన రోమన్ల ప్రధాన వెండి నాణెం. క్రీ.పూ. 211 ప్రాంతంలో దీని ముద్రణ ప్రారంభమైనది. క్రీ.శ. 1వ శతాబ్దంలో సముద్ర వర్తకం ద్వారా ఈ నాణేలు భారతదేశానికి విరివిగా చేరాయి. కృష్ణానది పరీవాహక ప్రాంతంలో, నల్గొండ సీమలోని అక్కన్‌పల్లిలో 1,531 దీనారియస్‌లు ఒకేచోట లభించాయి. ఇవి అగస్టస్, టిబీరియస్ చక్రవర్తుల కాలానికి చెందినవి.

తూకము, విలువ

అగస్టస్ (క్రీ.పూ. 27 – క్రీ.శ. 14) కాలంలో ఒక రోమన్ పౌను వెండితో 84 నాణేలు ముద్రించేవారు. ఒక్కొక్కటి సుమారు 3.9 గ్రాములుండేది. 25 దీనారియస్‌లు ఒక బంగారు నాణేనికి సమానం. క్రీ.శ. 64లో నీరో పౌనుకు 96 నాణేల చొప్పున ముద్రింపజేసి, వెండి స్వచ్ఛతను కూడా తగ్గించాడు.

నాణేలపై బొమ్మలు

భారతదేశంలో దొరికిన వాటిలో రెండు రకాలు అధికం.

అగస్టస్ నాణెం: ముందువైపు ఆకుల కిరీటం ధరించిన చక్రవర్తి శిరస్సు, వెనుక డాళ్ళు, ఈటెలతో నిలిచిన ఇద్దరు యువకులు ఉంటారు. వీరు అగస్టస్ దత్తత తీసుకున్న మనుమలు గాయస్, లూషియస్. సింహాసనమెక్కకుండానే లూషియస్ క్రీ.శ. 2లో, గాయస్ క్రీ.శ. 4లో మరణించారు.

టిబీరియస్ నాణెం: ముందువైపు చక్రవర్తి శిరస్సు, వెనుక రాజదండము, కొమ్మ పట్టుకొని కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఈమెను చక్రవర్తి తల్లి లివియాగా పలువురు భావిస్తారు. చుట్టూ గల అక్షరాలకు "ప్రధాన పూజారి" అని అర్థం. ఇది చక్రవర్తి బిరుదు.

ఈ రెండు రకాలూ ప్రధానంగా నేటి ఫ్రాన్సులోని లియాన్ టంకశాలలో తయారయ్యాయి.

కృష్ణా తీరంతో సంబంధం

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం "పెరిప్లస్" ఈ తీరాన్ని మసాలియా అని పేర్కొని, ఇక్కడ సన్నని వస్త్రాలు విరివిగా తయారవుతాయని తెలిపింది. 2వ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల నేటి ఘంటసాల అని చరిత్రకారుల అభిప్రాయం. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు, అనగా 1.25 కోట్ల దీనారియస్‌ల విలువైన ధనాన్ని హరిస్తున్నదని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు.

ఇక్కడి వర్తకులు నాణేన్ని లోహపు విలువను బట్టి స్వీకరించేవారు. అందువలన నీరోకు పూర్వపు మేలిమి వెండి నాణేలకే ఆదరణ ఉండేదని పరిశోధకులు భావిస్తున్నారు. తరువాతి కాలపు నాణేలు ఇక్కడ ఎక్కువగా బంగారంలో కనిపిస్తాయి. వినుకొండలో దొరికిన 15 బంగారు నాణేలు ఇందుకు ఉదాహరణ.

దీనారి అనే పదం

నాగార్జునకొండ వద్ద ఇక్ష్వాకుల కాలపు (3వ శతాబ్దం) ప్రాకృత శాసనంలో, మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యానికి 170 "దీనారి మాషకాలు" దానమిచ్చినట్లున్నది. ఇందులోని "దీనారి" దీనారియస్ నుండి వచ్చినదే. సంస్కృత, తెలుగు భాషలలోని దీనారము కూడా ఈ పదమే.

ప్రాముఖ్యత

నాణేల రాశి దొరికిన చోటనే, విడిపోకుండా పరిశీలించినపుడు అది ఏ కాలంలో పాతిపెట్టబడినదో నిర్ణయించవచ్చును. కరిగించిన నాణెంలో వెండి మాత్రమే మిగులుతుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిక్షేపాన్ని గురించి జిల్లా కలెక్టరుకు తెలియజేయవలెను.