తీపి వ్యాపారం... చేదు పరీక్ష!

ఆదివారం చర్చిలో ప్రార్థన చేసి, సోమవారం దుకాణంలో తూకం తగ్గిస్తే ఆ భక్తికి అర్థమేముంది? ఇంగ్లాండులో ఓ వ్యాపార కుటుంబం ఈ ప్రశ్న వేసుకుంది. జవాబుగా ఏకంగా ఓ ఊరినే కట్టింది. కొన్నేళ్లకు అదే ప్రశ్నకు కోర్టులో నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ కుటుంబం పేరు మన పిల్లలక్కూడా తెలుసు. మారాం చేసి మరీ కొనిపించుకునే చాక్లెట్ రేపరు మీద కనిపించే పేరే అది... క్యాడ్‌బరీ!

జాన్ క్యాడ్‌బరీ 1824లో బర్మింగ్‌హామ్‌లోని బుల్ స్ట్రీట్‌లో చిన్న దుకాణం తెరిచాడు. టీ, కాఫీ, పాలలో కలుపుకుని తాగే కోకో... ఇవే సరుకులు. ఆయన క్వేకర్. క్రైస్తవంలో అదో చిన్న శాఖ. ఆడంబరాలకు, మద్యానికి, యుద్ధానికి ఆమడదూరం. నిజం చెప్పేవాడికి ఒట్టుతో పనేంటని కోర్టులో ప్రమాణం చేయడానికీ ఒప్పుకునేవారు కాదు.

ఇంగ్లాండు అధికారిక చర్చిలో చేరకపోవడంతో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిగ్రీలు అప్పట్లో వాళ్లకు అందలేదు. సైన్యంలో చేరేందుకు విశ్వాసం ఒప్పుకోదు. దాంతో చాలామంది వ్యాపారంలోకి వచ్చారు. బ్రిస్టల్‌లో ఫ్రై, యార్క్‌లో రౌన్‌ట్రీ... చాక్లెట్లకు పేరుపడ్డ ఆ కుటుంబాలూ క్వేకర్లే. బేరాల్లేకుండా అందరికీ ఒకే ధర చెప్పడం వాళ్ల పద్ధతి. అప్పులు ఎగ్గొట్టి దివాలా తీస్తే సంఘం నుంచి వెలివేసేవారు కూడా. సారాకు బదులు కూలివాడు తాగదగ్గ పానీయం కోకో అన్నది వాళ్ల నమ్మకం.

కల్తీ వద్దన్నారు... గెలిచారు!

1861లో జాన్ కొడుకులు రిచర్డ్, జార్జ్ పగ్గాలు చేపట్టేనాటికి వ్యాపారం మూతపడే స్థితిలో ఉంది. తల్లి తరఫున ఒక్కొక్కరికి వచ్చిన నాలుగేసి వేల పౌండ్లనూ అందులోనే పోశారు. అప్పట్లో కోకోలో కొవ్వు ఎక్కువ. అది తెలియకుండా అందరూ బంగాళాదుంప పిండి, సగ్గుబియ్యం పిండి కలిపేవారు. ఇటుకపొడి కలిపిన ఘనులూ ఉన్నారు! అన్నదమ్ములు హాలండ్ నుంచి కొవ్వును పిండేసే యంత్రం తెచ్చి, 1866లో ఏమీ కలపని కోకో పొడిని అమ్మకానికి పెట్టారు. ఆహార కల్తీ మీద దేశమంతా చర్చ జరుగుతున్న రోజులవి. స్వచ్ఛమైన సరుకుకు గిరాకీ పెరిగింది. వ్యాపారం నిలబడింది.

జార్జ్ ఏళ్ల తరబడి ఆదివారాలు పొద్దున్నే కూలిపని చేసే పెద్దవాళ్లకు బైబిల్, చదువు నేర్పేవాడు. వాళ్ల ఇళ్లకు వెళితే గాలీ వెలుతురూ లేని ఇరుకు గదులు. ఇల్లు ఇలా ఉన్నప్పుడు మనిషి మారాలని ఎన్ని బోధలు చేసి ఏం లాభం అనిపించింది. 1879లో ఫ్యాక్టరీని నగరం బయట పొలాల మధ్యకు మార్చారు. ఆ చోటుకు బోర్న్‌విల్ అని పేరుపెట్టారు. 1895లో పక్కనే ఊరు కట్టడం మొదలుపెట్టాడు జార్జ్. స్థలంలో నాలుగో వంతుకు మించి ఇల్లు కట్టకూడదు. మిగిలిందంతా పెరడు, పండ్ల చెట్లు. ఊరికి పార్కులు తప్పనిసరి. సారా దుకాణం మాత్రం నిషిద్ధం! ఇళ్లు తమ ఫ్యాక్టరీ కార్మికులకే అన్న షరతూ లేదు. 1900లో ఆ ఊరినంతా ఓ ట్రస్టుకు రాసిచ్చేశాడు. ఆ ట్రస్టు ఇప్పటికీ పనిచేస్తోంది.

1899లో బోయర్ యుద్ధంలో ఉన్న సైనికులకు చాక్లెట్లు పంపాలని విక్టోరియా మహారాణి ఆర్డరిచ్చింది. వీళ్లేమో యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్లు. రాణిగారికి కాదని చెప్పలేరు. చివరికి మూడు క్వేకర్ కంపెనీలూ కలిసి చాక్లెట్లు చేసిచ్చాయి... పైసా లాభం తీసుకోకుండా!

అమ్మకపు జాబితాలో మనుషులు!

అంతవరకూ బాగానే ఉంది. అసలు పరీక్ష 1901లో ఎదురైంది. ఆఫ్రికా పడమటి తీరానికి దగ్గర్లోని సావోటోమే దీవి అప్పట్లో పోర్చుగల్ పాలనలో ఉండేది. క్యాడ్‌బరీ వాడే కోకోలో దాదాపు సగం అక్కణ్నుంచే వచ్చేది. అక్కడ ఓ తోటను అమ్మకానికి పెట్టారు. ఆస్తుల జాబితాలో భూమితో పాటు కూలీలనూ లెక్కకట్టి ధర వేశారు. కుటుంబంలో తర్వాతి తరానికి చెందిన విలియం క్యాడ్‌బరీ కంట పడిందది.

బానిసత్వాన్ని రద్దుచేశామని పోర్చుగల్ ఎప్పుడో ప్రకటించింది. కాగితం మీద వాళ్లంతా అయిదేళ్ల ఒప్పందపు కూలీలు. నిజానికి అంగోలా నుంచి పట్టుకొచ్చినవాళ్లు. గడువు ముగిసినా ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లు లేరు.

విలియం 1903లో లిస్బన్ వెళ్లి అధికారులను నిలదీశాడు. మారుస్తామన్నారు. 1905లో జోసెఫ్ బర్ట్ అనే క్వేకర్‌ను దీవికి పంపారు. అది బానిసత్వమేనని ఆయనా తేల్చాడు. తొందరపడి బహిరంగంగా మాట్లాడొద్దని బ్రిటిష్ విదేశాంగ శాఖ సలహా. కొనడం మానేస్తే మన మాట ఎవరు వింటారన్నది కంపెనీ వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఈలోగా కొనుగోళ్లు మాత్రం సాగుతూనే ఉన్నాయి.

1908లో లండన్ పత్రిక 'స్టాండర్డ్' ఆ మాటే రాసింది. ఇంట్లో కార్మికుల బాగు గురించి అంతగా పట్టించుకునే ఈ భక్తులకు సముద్రం అవతలి కూలీలు కనబడలేదా అని ఎత్తిపొడిచింది. క్యాడ్‌బరీ పరువునష్టం దావా వేసింది. విలియం ఈసారి తానే ఆఫ్రికా వెళ్లి కళ్లారా చూసొచ్చాడు. 1909 మార్చిలో సావోటోమే కోకో కొనడం ఆపేస్తున్నట్లు ప్రకటించారు. ఫ్రై, రౌన్‌ట్రీ కూడా అదే బాట పట్టాయి.

ఆ ఏడాది చివర్లో బర్మింగ్‌హామ్‌లో విచారణ జరిగింది. పత్రిక తరఫున ఎడ్వర్డ్ కార్సన్ అనే పేరుమోసిన వకీలు నిలబడ్డాడు. మీ కోకో కోసం ఈ ఎనిమిదేళ్లలో ఎంతమంది బానిసలు చనిపోయారో లెక్కవేశారా అని విలియంని అడిగాడు. లేదన్న జవాబు తప్ప ఆయన దగ్గర మరోటి లేకపోయింది.

తీర్పు క్యాడ్‌బరీకే అనుకూలంగా వచ్చింది. పరిహారం ఎంతో తెలుసా? ఒక్క ఫార్దింగ్. పెన్నీలో నాలుగో వంతు. మన దమ్మిడీ లాంటి నాణెం! 'మీరు అబద్ధాలకోరులు కాదు, కానీ ఆలస్యం చేశారు' అని జ్యూరీ చెప్పకనే చెప్పిందని చాలామంది అర్థం చేసుకున్నారు.

గోదావరి తోటల దాకా...

తర్వాత కంపెనీ గోల్డ్‌కోస్ట్ వైపు, అంటే ఇప్పటి ఘనా వైపు మళ్లింది. అక్కడ కోకో పండించేది సొంత భూమి ఉన్న చిన్న రైతులు. 1918లో బోర్న్‌విల్ ఫ్యాక్టరీలో కార్మికుల ప్రతినిధులతో కౌన్సిళ్లు ఏర్పాటయ్యాయి. 2010లో కంపెనీ అమెరికా సంస్థ క్రాఫ్ట్ చేతిలోకి వెళ్లింది. ఇప్పుడు యజమాని మాండలీజ్. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ఫ్యాక్టరీ తెరిచిందీ ఆ సంస్థే. మన గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతర పంటగా కోకో కాస్తోంది. పశ్చిమ ఆఫ్రికా తోటల్లో మాత్రం పిల్లలతో పని చేయించే సమస్య నేటికీ తీరలేదు.

కల్తీ మానేస్తే లాభమొచ్చింది. ఊరు కడితే పేరొచ్చింది. వాళ్ల విశ్వాసం అక్కడ సులువుగానే నెగ్గింది. సగం సరుకు వదులుకోవాల్సిన చోట దానికి ఎనిమిదేళ్లు పట్టింది. తూకంలో మోసం దేవుడికి గిట్టదన్న బోధ కౌంటర్ ముందున్న కొనుగోలుదారుకే కాదు, గింజలు కోసిన కంటికి కనబడని కూలీకీ వర్తిస్తుందని ఆ కుటుంబం నేర్చుకుంది... కాస్త ఆలస్యంగానే అయినా!