బండిని ఇంటి దగ్గరే కడుక్కుందాం

నూజివీడు అనగానే అందరికీ మామిడిపండు గుర్తుకొస్తుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట. ఎటు చూసినా తోటలే. ఎండాకాలం వచ్చిందంటే కోతలే కోతలు.

ఒకప్పుడు కాయలు ఎడ్లబండి మీద పోయేవి. ఇప్పుడు ట్రాలీ ఆటో మీద పోతున్నాయి. విజయవాడ దగ్గర నున్నలో పెద్ద మామిడి మార్కెట్ ఉంది. తోట నుంచి అక్కడికి కాయలు మోసేది ఈ బండ్లే. కొన్ని ఇళ్లలో కారు కూడా ఉంది. దాన్ని కిరాయికి తిప్పుతారు.

బండి ఊరికే రాలేదు. అప్పు చేసి కొన్నారు. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. సంఘంలో పొదుపు చేసిన డబ్బు కూడా కొందరు అందులో పెట్టారు. బండి మగవాళ్లది అని అందరూ అనుకుంటారు. కానీ వాయిదా కట్టడానికి ఇద్దరూ కష్టపడుతున్నారు. అలాంటప్పుడు బండి సంగతి ఇద్దరికీ తెలియాలి కదా?

బండికి తుప్పు పడితే రేటు పడిపోతుంది. ట్రాలీ అడుగున చిల్లు పడితే రేకు వేయించాలి. దానికి డబ్బు కావాలి. అదే బండిని సరిగా కడిగి ఆరబెట్టుకుంటే చాలా కాలం నిలుస్తుంది. కడగడం గొప్ప విద్య కాదు. కానీ దానికి ఒక పద్ధతి ఉంది.

బండికి శత్రువులు ఎవరు?

మొదటి శత్రువు దుమ్ము. మన వైపు ఎర్రనేలలు. ఎర్రమట్టిలో సన్నని ఇసుక ఉంటుంది. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే ఆ ఇసుక రంగు మీద గీతలు గీస్తుంది. గరుకు కాగితంతో రుద్దినట్టే అవుతుంది. అందుకే పొడి దుమ్మును గుడ్డతో తుడవకూడదు.

రెండో శత్రువు మామిడి సొన. కాయ తొడిమ విరిచితే సొన చిమ్ముతుంది. అది కాయ మీద పడితే కాయ నల్లగా మాడుతుంది. చేతి మీద పడితే మంట పుడుతుంది. కొందరికి పొక్కులు వస్తాయి. ఎందుకంటే మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం చెట్లు. జీడిగింజ పెంకులోని నూనె చేయిని కాలుస్తుంది కదా? మామిడి సొనలోనూ అలాంటి గుణమే ఉంది. సొన బండి రంగు మీద ఎండితే గట్టిగా అతుక్కుంటుంది. అక్కడ మచ్చ పడుతుంది.

మూడో శత్రువు తేనెమంచు. పూత కాలంలో తేనెమంచు పురుగు పూత రసం పీలుస్తుంది. తియ్యటి జిగురు విడుస్తుంది. ఆకులు నిగనిగలాడతాయి. తర్వాత ఆ జిగురు మీద నల్లటి మసి పడుతుంది. ఆ చెట్టు కింద బండి పెడితే అదే జిగురు బండి మీద రాలుతుంది. దానికి దుమ్ము అంటుకుంటుంది.

నాలుగో శత్రువు పిట్ట రెట్ట. దానిలో పులుపు గుణం ఉంటుంది. ఎండలో రెండు రోజులు వదిలేస్తే రంగును తినేస్తుంది. కనిపించిన రోజే తడిగుడ్డ దాని మీద వేసి నానబెట్టాలి. తర్వాత మెల్లగా తీసేయాలి.

మామిడిచెట్టు నీడ మనిషికి హాయి. పూత కాలంలో, కోత కాలంలో బండికి మాత్రం ఆ నీడ మంచిది కాదు.

ఏమేం కావాలి?

రెండు బకెట్లు, ఒక మగ్గు కావాలి. మెత్తటి నూలుగుడ్డలు నాలుగు కావాలి. పాత నూలు చీర ముక్కలు పనికొస్తాయి. వాటికి జరీ అంచు, గుండీలు, హుక్కులు ఉండకూడదు. చక్రాలకు వేరే గుడ్డ, ఒక బ్రష్షు కావాలి. బండి కడిగే షాంపూ చిన్న సీసా కావాలి.

"ఒదినా, బట్టల సబ్బుపొడి వేస్తే నురగ బాగా వస్తుంది కదా?" అని అడుగుతారు కొందరు.

నురగ వస్తుంది. మెరుపు పోతుంది. బట్టల సబ్బుపొడిలో సోడా లాంటి క్షారం ఉంటుంది. అది జిడ్డుతో పాటు రంగు మీద ఉన్న మెరుగును కూడా లాగేస్తుంది. అంట్ల సబ్బు కూడా అంతే. ఇసుక, బూడిద, కొబ్బరి పీచు అసలే వాడకూడదు.

షాంపూ సీసా మీద చీటీ ఉంటుంది. ఎన్ని నీళ్లకు ఎన్ని మూతలు వేయాలో దాని మీద రాసి ఉంటుంది. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. కూడబలుక్కుని చదవండి. అంకెలు చూడండి. ఇంగ్లీషులో ఉంటే బడి పిల్లల చేత చదివించుకోండి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు. ఎక్కువ ఖర్చు మాత్రం అవుతుంది.

ఎలా కడగాలి?

పొద్దున్నే కడగాలి, లేదా సాయంత్రం కడగాలి. ఎండలో కడిగితే సబ్బు నీళ్లు అక్కడే ఎండి మరకలు పడతాయి. ఇంజను చల్లారాక కడగాలి. కాలిపోతున్న ఇంజను మీద చన్నీళ్లు పోస్తే లోహం పగలవచ్చు.

1. ముందు ఉత్త నీళ్లు పోయాలి. పైనుంచి కిందికి పోయాలి. దుమ్ము, ఇసుక కొట్టుకుపోవాలి. మట్టి ఎండి ఉంటే కాసేపు నాననివ్వాలి.

2. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండో బకెట్‌లో ఉత్త నీళ్లు పెట్టుకోవాలి. గుడ్డను షాంపూ నీళ్లలో ముంచి పైకప్పు తుడవాలి. తర్వాత ఉత్త నీళ్లలో జాడించాలి. అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. ఇలా చేస్తే గుడ్డలోని ఇసుక రెండో బకెట్‌లో దిగిపోతుంది. రంగు మీద గీతలు పడవు.

3. పైకప్పు, అద్దాలు, తలుపులు, చివరకు కింది భాగం. ఇదీ వరస. కింద మురికి ఎక్కువ. ఆ గుడ్డతో పైన తుడవకూడదు.

4. చక్రాలు ఆఖరున కడగాలి. వాటి గుడ్డ, బ్రష్షు వేరుగా ఉంచాలి.

5. సబ్బు ఆరకముందే నీళ్లు పోసి కడిగేయాలి. వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఉప్పులు ఎక్కువ. నీళ్లు వాటంతట అవే ఆరితే తెల్ల చుక్కలు పడతాయి. బిందె మీద తెల్లగా పట్టేది కూడా అదే.

సొన మరక ఉంటే గోరుతో గీకకూడదు. కత్తితో గీకకూడదు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ దాని మీద కాసేపు వేయాలి. పోకపోతే రెండు చుక్కల కొబ్బరినూనె రాసి మెల్లగా రుద్దాలి. మరక వదులుతుంది. తర్వాత షాంపూతో కడగాలి. పెట్రోలు వాడకూడదు. అది రంగును చెడగొడుతుంది, నిప్పు కూడా అంటుకుంటుంది.

ట్రాలీని ఎలా కడగాలి?

ట్రాలీలో ఈ రోజు కాయలు వేస్తారు. నిన్న ఎరువు బస్తాలు వేశారు. మొన్న పురుగుమందు డబ్బాలు వేశారు. ఆ మందు కారి ఉంటే కాయలకు అంటుకుంటుంది. ఆ కాయలు ఎవరి పిల్లలో తింటారు. అందుకే మందులు మోసిన తర్వాత ట్రాలీని సబ్బు నీళ్లతో తప్పక కడగాలి. ఆ పని చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

ఇంకొక ప్రమాదం ఉంది. కొందరు కాయలు మగ్గబెట్టడానికి కార్బైడు వాడతారు. అది బూడిద రంగు రాయిలా, పొడిలా ఉంటుంది. దానిమీద నీళ్లు పడితే ఎసిటిలీన్ అనే గ్యాసు పుడుతుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ట్రాలీలో కార్బైడు పడి ఉంటే నీళ్లు పోయకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముందు పొడిగా ఊడ్చి తీసేయాలి. దగ్గరలో బీడీ, పొయ్యి ఉండకూడదు. అసలు కార్బైడుతో పండ్లు మగ్గబెట్టడం నేరం. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దాన్ని నిషేధించాయి. వరిగడ్డిలో మగ్గబెట్టడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. దానిలో ఏ ప్రమాదమూ లేదు.

కడిగాక ట్రాలీ తలుపు తెరిచి వంపులో పెట్టాలి. మూలల్లో నీళ్లు నిలవకూడదు. తుప్పు మొదలయ్యేది మూలల్లోనే. తడి పట్టా, తడి గడ్డి ట్రాలీలో వదిలేయకూడదు.

ఎక్కడ నీళ్లు పోయకూడదు?

ఇంజను మీద నీళ్లు గుమ్మరించకూడదు. గాలి పీల్చే ఫిల్టరులోకి, పొగగొట్టంలోకి నీళ్లు పోకూడదు. బ్యాటరీ, వైర్లు తడవకూడదు. కరెంటు ఆటో అయితే ఛార్జింగ్ పెట్టే చోట నీళ్లు పడకూడదు. ఛార్జింగ్ పెట్టి ఉండగా అసలు కడగకూడదు. ఈ భాగాలను పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

కారు లోపల బకెట్‌తో నీళ్లు పోయకూడదు. కింద పట్టాలు బయటికి తీసి దులపాలి, కడగాలి, ఎండలో ఆరబెట్టాలి. సీట్లను పిండిన తడిగుడ్డతో తుడవాలి. కాసేపు తలుపులు తెరిచి ఉంచాలి. లోపల తడి మిగిలితే ముక్క వాసన వస్తుంది.

ఒక ముఖ్యమైన మాట. కడిగిన వెంటనే బ్రేకులు తడిగా ఉంటాయి. తడి బ్రేకు సరిగా పట్టదు. రోడ్డు ఎక్కేముందు మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి చూడాలి. ఇది తోలేవాళ్లకు గుర్తుచేయండి. ఇది ప్రాణాల సంగతి.

నీళ్ల లెక్క చూద్దామా?

నీళ్లు మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. కాబట్టి ఈ లెక్క మీరే వేయాలి.

ఒక బకెట్ 15 లీటర్లు అనుకోండి. పద్ధతిగా కడిగితే 4 బకెట్లతో ఆటో కడగవచ్చు.
15 × 4 = 60 లీటర్లు.

గొట్టం పెట్టి వదిలేస్తే ఎన్ని? మీ ఇంట్లో గొట్టంతో బకెట్ నింపి చూడండి. ఒక నిమిషంలో నిండిందా? అయితే 20 నిమిషాలకు 20 బకెట్లు.
15 × 20 = 300 లీటర్లు.

300 లోంచి 60 తీసేస్తే 240. అంటే 240 లీటర్లు వృథా. మే నెలలో బోర్లు అడుగంటినప్పుడు 240 లీటర్లంటే ఎన్ని బిందెలో మీకు బాగా తెలుసు.

కొందరు బండిని చెరువులో దింపి కడుగుతారు. నూనె, గ్రీజు, మందు నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లే పశువులు తాగుతాయి. మనం బట్టలు ఉతుక్కుంటాం. చెరువును, బావిని పాడుచేయకూడదని 1974లోనే చట్టం వచ్చింది. మామూలు దుమ్ము కడిగిన నీళ్లు మట్టిలో ఇంకినా ఫరవాలేదు. పురుగుమందు కడిగిన నీళ్లు మాత్రం బావి వైపు, బోరు వైపు పోకూడదు.

మెరుగు పెట్టడం

బండి బాగా ఆరాక మెరుగు మైనం రాయవచ్చు. నీడలో రాయాలి. కొద్ది చోట పలచగా రాసి, తెల్లగా ఆరాక మెత్తటి గుడ్డతో తుడవాలి. తర్వాత పక్క చోట రాయాలి. మైనం ఉంటే నీళ్లు జారిపోతాయి. సొన గట్టిగా అతుక్కోదు. కోతలు మొదలయ్యే ముందు ఒకసారి, వానలకు ముందు ఒకసారి రాస్తే మంచిది.

దసరాకు బండికి పూజ చేస్తారు. పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, నిమ్మకాయలు కడతారు. పూజ చేసుకోండి. మర్నాడు మాత్రం తడిగుడ్డతో తుడిచేయండి. పసుపు మరక పడుతుంది. నిమ్మ పులుపు రంగును తింటుంది.

ఒక పుస్తకం పెట్టండి. బండి కడిగిన తేదీ రాయండి. నూనె మార్చిన తేదీ రాయండి. కట్టిన వాయిదా రాయండి. రేపు బండి అమ్మాల్సి వస్తే ఆ పుస్తకం చూపించవచ్చు. ఆ పుస్తకంలోని రాత మీదే కావాలి.

గుర్తుంచుకోండి

పొడి దుమ్ము తుడవకూడదు, ముందు నీళ్లు పోయాలి.
పైనుంచి కిందికి కడగాలి.
బట్టల సబ్బుపొడి వాడకూడదు.
కార్బైడు ఉన్నచోట నీళ్లు పోయకూడదు.
కడిగాక బ్రేకు చూసుకోవాలి.

చెప్పండి

1. రెండు బకెట్లు ఎందుకు పెట్టుకోవాలి?
2. పూత కాలంలో మామిడిచెట్టు కింద బండి ఎందుకు పెట్టకూడదు?
3. మీ ఇంట్లో గొట్టం నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుంది? కొలిచి రాయండి.
4. మీ ఊళ్లో చెరువులో బండ్లు కడుగుతున్నారా? ఏం చేయాలో సంఘం మీటింగులో మాట్లాడండి.