బ్యాలెట్ పత్రం మీద పేరు ఎక్కాలంటే...

విద్యార్థులారా! అమెరికాలో డెమోక్రటిక్, రిపబ్లికన్ పార్టీలు తప్ప వేరే పార్టీలే లేవా అని తరగతిలో చాలామంది అడుగుతుంటారు. ఉన్నాయి. లిబర్టేరియన్ పార్టీ, గ్రీన్ పార్టీ వంటివి దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. ఓట్లు సంపాదించడం వాటికి రెండో సమస్య. బ్యాలెట్ పత్రం మీద పేరు అచ్చు కావడమే మొదటి సమస్య.

19వ శతాబ్దంలో చాలాకాలం ఈ ఇబ్బంది లేదు. పార్టీలే ఓటు చీటీలు అచ్చు వేయించి ఓటర్ల చేతిలో పెట్టేవి. ఎవరు ఏ చీటీ వేస్తున్నారో పక్కవారికి తెలిసిపోయేది కాబట్టి బెదిరింపులు, ఓట్ల కొనుగోలు సాగేవి. 1856లో ఆస్ట్రేలియాలో మొదలైన రహస్య ఓటు పద్ధతిని 1888లో మాసచూసెట్స్ చేపట్టింది. తరువాత ఇతర రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ప్రభుత్వమే పత్రం అచ్చు వేయడం మంచి సంస్కరణే. కాని ఎవరి పేర్లు అచ్చు వేయాలి అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

మన ఎన్నికల సంఘం లాగా దేశమంతటికీ ఎన్నికలు నిర్వహించే సంస్థ అక్కడ లేదు. ప్రతి రాష్ట్రానికీ దాని నియమాలు దానివే. వాటిని చేసే శాసనసభ్యులు దాదాపు అందరూ ఆ రెండు పార్టీల వారే. పరీక్ష రాసేవారే ప్రశ్నపత్రం తయారు చేసినట్లన్నమాట! స్వతంత్ర అధ్యక్ష అభ్యర్థికి టెనెస్సీలో 275 సంతకాలు చాలు. కాలిఫోర్నియాలో 2024లో 2 లక్షల 19 వేలకు పైగా కావలసి వచ్చాయి.

1968లో ఒహాయో రాష్ట్రం ఇంకా ముందుకు వెళ్ళింది. గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 15 శాతం, అంటే 4 లక్షల 33 వేల సంతకాలు, అదీ ఫిబ్రవరిలోపే కొత్త పార్టీ తేవాలంది. జార్జ్ వాలెస్ పార్టీ అంతకంటే ఎక్కువే సేకరించింది, కాని అప్పటికి గడువు దాటింది. సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. వాలెస్ ఆ ఎన్నికలో 5 రాష్ట్రాలు గెలిచాడు. అయితే 1971లో జార్జియా పెట్టిన 5 శాతం నియమాన్ని అదే కోర్టు సమర్థించింది. కొంత ప్రజాబలం చూపమనడం తప్పు కాదంది.

ఈ వాదనను తేలికగా తీసివేయలేము. 1996లో మన నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీటి బాధను దేశానికి తెలపడానికి వందలాది మంది నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి, పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు లేని పార్టీల అభ్యర్థులకు, స్వతంత్రులకు 10 మంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. పది మందికీ రెండు లక్షల మందికీ తేడా మీరే చూడండి.

ఇప్పుడు చిన్న లెక్క. న్యూయార్క్ రాష్ట్రం 2020లో చట్టం మార్చి, రాష్ట్రవ్యాప్త పదవులకు కావలసిన సంతకాలను 15,000 నుంచి 45,000కు పెంచింది. గడువు 42 రోజులు. అంటే రోజుకు సుమారు 1,071. కాని చిరునామా సరిపోలలేదనో, ఓటరు జాబితాలో పేరు లేదనో ప్రత్యర్థుల న్యాయవాదులు ఒక్కొక్క సంతకాన్నీ ప్రశ్నిస్తారు. మూడో వంతు చెల్లవనుకుంటే 67,500 తేవాలి, రోజుకు 1,600 పైమాటే. జీతాల మనుషులు లేకుండా ఇది దాదాపు అసాధ్యమని నా అభిప్రాయం.

ప్రత్యర్థులకు అంత పట్టుదల ఎందుకంటే, 2000లో ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు, గ్రీన్ పార్టీ తరఫున నిలిచిన రాల్ఫ్ నాడర్‌కు వచ్చినవి 97 వేలకు పైగా. 2004లో నాడర్ స్వతంత్రుడిగా నిలిస్తే, పెన్సిల్వేనియాలో వేల సంతకాలు చెల్లవని తేల్చి పేరు తొలగించారు. పైగా ఖర్చుల కింద సుమారు 81 వేల డాలర్లు కట్టమని కోర్టు ఆదేశించింది.

ఒకసారి ఎక్కినా ఆ స్థానం నిలుస్తుందన్న హామీ లేదు. న్యూయార్క్ కొత్త చట్టం ప్రకారం పార్టీ గుర్తింపు నిలవాలంటే ప్రతి రెండేళ్ళకూ 1 లక్షా 30 వేల ఓట్లు లేదా 2 శాతం, ఏది ఎక్కువైతే అది రావాలి. గ్రీన్, లిబర్టేరియన్ పార్టీలు 2020లోనే ఆ గుర్తింపు కోల్పోయాయి. 2024 అధ్యక్ష ఎన్నికలో అక్కడి పత్రం మీద హారిస్, ట్రంప్ జట్ల పేర్లు రెండే అచ్చయ్యాయి. వేరొకరు కావాలనుకున్న ఓటరు ఆ పేరును ఖాళీ గడిలో స్వయంగా రాసుకోవలసి వచ్చింది.