మూడు ఓట్ల దూరంలో ఆగిన సైన్యం

పొరుగు దేశంపై సాగే యుద్ధానికి తమ నేలను, తమ బిడ్డలను ఇవ్వాలా? 2003 మార్చి 1న టర్కీ పార్లమెంటు ముందు నిలిచిన ప్రశ్న ఇది. ఉత్తర దిశ నుంచి ఇరాక్‌పై దాడి చేసేందుకు 62 వేల మంది అమెరికా సైనికులకు చోటివ్వాలని, టర్కీ సేనలను సరిహద్దు దాటించాలని ప్రభుత్వం తీర్మానం తెచ్చింది. వందల కోట్ల డాలర్ల సహాయం ఆశ ఒకవైపు. అంకారా వీధుల్లో వేలాది ప్రజల నిరసన మరోవైపు. పాలక పక్షానికి 360కి పైగా స్థానాలున్నా, అనుకూలంగా పడినవి 264 ఓట్లే. వ్యతిరేకం 250, తటస్థం 19. హాజరైన 533 మందిలో సగానికి మించాలంటే 267 కావాలి. తీర్మానం వీగిపోయింది.

దీన్ని బలహీనత అన్నవారున్నారు. మేము ఏకీభవించం. ఉహుద్‌కు ముందు దైవప్రవక్త (సఅసం) మదీనాలోనే ఉండి శత్రువును ఎదుర్కోవాలని భావించినా, సహచరుల్లో అధికుల అభిప్రాయాన్ని మన్నించి బయలుదేరారు. డెబ్బై మంది షహీదులయ్యారు. అయినా సహచరులను సంప్రదించమనే ఆదేశం ఆలి ఇమ్రాన్ సూరాలో ఆ తర్వాతే అవతరించింది. ముంగిట నిలిచిన శత్రువు విషయంలోనే ఇంతటి సంప్రదింపు ఉంటే, పరాయి గడ్డపై యుద్ధానికి ఇంకెంత ఉండాలి!

మూడు వారాలు తిరగకముందే అదే సభ అమెరికా విమానాలకు తన గగనతలాన్ని తెరిచింది. ఆ రాజీని మేము మెచ్చుకోలేం. కానీ ఆ సరిహద్దు మీదుగా అమెరికా దండయాత్ర మాత్రం సాగలేదు.